డ్రెస్సింగ్ రూమ్ అనబడు దుప్పటి గురించి

క్రీడా మైదానాల పర్యవేక్షణాధికారి గారికి,
మహిళల ఫుట్‌బాల్ జట్టు స్కోరర్ రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: గోల్‌కీపర్‌పై మోపిన "డ్రెస్సింగ్ రూమ్ గోప్యత ఉల్లంఘన" అభియోగం – సదరు డ్రెస్సింగ్ రూమ్ అనగా ఏది అను సంగతి – అభియోగం రద్దు కోరుతూ మనవి.

సూచిక: (1) గోల్‌కీపర్‌కు తమ కార్యాలయం పంపిన నోటీసు. (2) జట్టు కోచ్ గారి ఫిర్యాదు. (3) రిఫరీకి అందిన, సంతకం లేని చీటీ.

తమరికి విన్నవించుకొనునది ఏమనగా, నేను ఆడను. మ్యాచ్‌లలో బల్ల వెనుక కూర్చుని ఎన్నో నిమిషంలో గోల్ పడింది, ఎవరి బదులు ఎవరు దిగారు అన్నవి రాస్తాను. మిగతా రోజుల్లో గ్రంథాలయంలో చిరిగిన పుస్తకాలకు అట్టలు వేస్తాను. గోల్‌కీపర్ నా సొంత అక్క. ఈ మాట దాచి రాస్తే అర్జీ చెల్లదేమోనని ముందే రాస్తున్నాను.

నోటీసు ప్రకారం విచారణ ఈ శుక్రవారం పదకొండు గంటలకు. నేరం రుజువైతే ఏడాది నిషేధం. పెద్ద జట్టు శిబిరానికి అక్క ఎంపికై ఉంది. అది సోమవారం మొదలవుతుంది. అక్కకు ఇరవై మూడేళ్లు. మళ్లీ ఏడాదికి ఎవరు పిలుస్తారో, పిలవరో తమకే తెలుసు.

1. నోటీసులో "డ్రెస్సింగ్ రూమ్‌లో జరిగిన సంభాషణను బయటి వ్యక్తులకు తెలియజేసి" అని ఉంది. మా జట్టుకు డ్రెస్సింగ్ రూమ్ లేదు.

పురుషుల జట్టుకు ఉంది. తలుపు మీద ఇత్తడి పలక ఉంది. ఒకసారి జట్టు జాబితా ఇవ్వడానికి వెళ్లినప్పుడు తలుపు తీసి ఉండగా చూశాను. గోడ పొడవునా అంకెలు వేసిన ఇనుప అరలు, మధ్యలో బెంచీలు, నిలువుటద్దం, రెండు కుళాయిలు. రెండింటిలోనూ నీళ్లు వస్తున్నాయి.

మావాళ్లు తూర్పు గ్యాలరీ మెట్ల కింద బట్టలు మార్చుకుంటారు. రెండు వైపులా గోడ, పైన ఏటవాలుగా మెట్ల అడుగుభాగం. పొడుగ్గా ఉన్నవాళ్లు నడుం వంచి చొక్కా వేసుకోవాలి. మూడో వైపు వరండా. వరండాలో టీ అమ్మే ఆయన ఉంటాడు, గడ్డి కోసే యంత్రం ఉంటుంది, గేటు దగ్గర జనం ఉంటారు. ఆ మూడో వైపున ఇద్దరు నిలబడి దుప్పటి పట్టుకుంటారు.

గది లేనప్పుడు గదిలో మాట ఎలా ఉంటుంది, మాట లేనప్పుడు దాన్ని బయటపెట్టడం ఎలా జరుగుతుంది అన్నది నా మొదటి ప్రశ్న.

2. మాట గురించి. మా గ్రంథాలయంలో నిఘంటువులు మూడున్నాయి. మొదటిదానిలో డ్రెస్సింగ్ రూమ్ అంటే "దుస్తులు మార్చుకొను గది" అని ఉంది. రెండోదానిలో "నటులు వేషము వేసుకొను గది" అని ఉంది. మూడోది బాగా పాతది, అందులో ఆ మాటే లేదు. మాట ఉన్న రెండూ అది గది అన్న విషయంలో ఏకీభవిస్తున్నాయి.

పత్రికల వాడుక వేరుగా ఉంది. "డ్రెస్సింగ్ రూమ్‌లో అసంతృప్తి" అని రాస్తారు. అంటే ఆటగాళ్లకు కెప్టెన్ మీద కోపంగా ఉందని. "డ్రెస్సింగ్ రూమ్ వాతావరణం బాగుంది" అంటే ఫ్యాను బాగా తిరుగుతోందని కాదు. పత్రికలు ఆ మాటను గదికి కాక అందులోని మనుషులకు వాడుతున్నాయి.

తమ నోటీసు ఈ రెండింటిలో దేనిని ఉద్దేశించినదో స్పష్టం లేదు. స్పష్టం లేని దానిపై ఏడాది నిషేధం తగదని మనవి.

3. ఈ స్పష్టత కోసమే నేను తమ కార్యాలయానికి మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ తమరు తనిఖీకి వెళ్లారు. గుమాస్తా గారు ఉన్నారు.

మొదటిసారి ఆయన "ఏం కావాలమ్మా?" అన్నారు.

"డ్రెస్సింగ్ రూమ్ అంటే ఏమిటండీ?" అన్నాను.

ఆయన కలం పక్కన పెట్టారు. "పొద్దున్నే పొడుపు కథలా? బట్టలు మార్చుకునే గది."

"మాకు లేదండీ."

"ఎందుకు లేదు? ఉంది." బీరువాలోంచి మైదానం నక్షా తీసి బల్ల మీద పరిచారు. "ఇదిగో, డి.ఆర్. రెండు. మహిళలకు. చక్కగా రంగు కూడా వేసి చూపించారు."

"అందులో కుర్చీలున్నాయండీ. ముఖ్య అతిథులు వచ్చినప్పుడు వేసేవి. తాళం కూడా ఉంది."

"ఉంటాయి. కుర్చీలుంటే గది గది కాకుండా పోతుందా? మా ఇంటి ముందు గదిలో పదేళ్లుగా మా బావమరిది ఉంటున్నాడు. అది ముందు గది కాకుండా పోయిందా?"

నేను వచ్చేశాను.

రెండోసారి ఆయన నియమావళి తీసి, అద్దాలు తుడుచుకుని చదివి వినిపించారు. "డ్రెస్సింగ్ రూమ్ అనగా ఆటకు ముందు, నడుమ, తరువాత జట్టు కూడు స్థలము. విన్నావా? గోడల ఊసే లేదు. జట్టు కూడితే చాలు. రేపు మీరంతా బస్టాండులో కూడారనుకో, అదే డ్రెస్సింగ్ రూమ్."

ఈ నిర్వచనం నా మొదటి అంశానికి విరుద్ధంగా ఉందని తెలుసు. అయినా ఇక్కడ రాస్తున్నాను. మూడోసారి సంగతి కింద రాస్తాను.

4. నియమావళి ప్రకారమే చూసినా, కోచ్ గారు ఫిర్యాదులో చెప్పిన మ్యాచ్ రోజున మాతో "కూడలేదు". ఆయన మగవారు, దుప్పటికి ఇవతల, వరండాలో నిలబడతారు. అక్కడి నుంచే అరిచి చెబుతారు. ఆయన చెప్పేది మాకంటే ముందు టీ ఆయనకు వినిపిస్తుంది. ఆ రోజు విరామంలో కోచ్ గారు అన్న మాటలు ఇవి, నేను ఆయనకు రెండడుగుల దూరంలో ఉన్నాను:

"అయిందా అమ్మా, ఇంకా ఎంతసేపు? తొమ్మిదీ! తలకి తగిలితే ఏమైంది? ఆడేది కాళ్లతో కదా!"

వరండాలో ఉన్నవాళ్లు నవ్వారు. టీ ఆయన నవ్వలేదు. కాబట్టి తొమ్మిదో నంబర్ తలకు దెబ్బ తగిలిందన్న సంగతిని మొట్టమొదట బయటపెట్టినది ఫిర్యాదుదారులే.

ఈ అంశం బలంగా ఉందని నా అభిప్రాయం. కాని చీటీలో ఉన్నది ఆ సంగతి కాదు. అది వేరే. అందువల్ల ఈ అంశం కూడా నిలవదు.

5. దుప్పటి గురించి తమకు తెలియకపోవచ్చు.

దానికి రెండు చివరలు. కుడి చివర రిజర్వు గోల్‌కీపర్ పట్టుకుంటుంది. ఆమెను అందరూ నిద్రమొహం అంటారు. దుప్పటి పట్టుకున్నంతసేపూ కూనిరాగం తీస్తూ ఉంటుంది. ఎడమ చివర నాది. నేను బట్టలు మార్చుకోనక్కర్లేదు కాబట్టి నాలుగేళ్లుగా నాదే. మొహం వరండా వైపు, వీపు లోపలి వైపు. చేతులు చెవుల ఎత్తులో ఉంచాలి. చెయ్యి నొప్పి పుడితే చెప్పకూడదు, మార్చకూడదు, దించకూడదు. వరండాలో ఎవరైనా ఆగి చూస్తే వాళ్ల కళ్లలోకి సూటిగా చూడాలి. ఇది నాకు చాలా కష్టం. మామూలుగా నేను ఎవరి కళ్లలోకీ చూడలేను. కాని దుప్పటి చేతిలో ఉంటే చూడగలను. వాళ్లే తల తిప్పుకుంటారు.

ఇంకొక నియమం ఉంది. మా ముందు ఆడినవాళ్లు పెట్టినది. "దుప్పటి పట్టుకున్నవాళ్లకి చెవులుండవు." అంటే లోపల ఏడ్చినా, తిట్టుకున్నా, ఎవరికైనా రక్తం కనిపించి కంగారుపడినా, ఎవరి ఇంట్లో ఎవరు కొట్టారో చెప్పుకున్నా, దుప్పటి పట్టుకున్న మనిషి తర్వాత దాని ఊసెత్తకూడదు. ఊసెత్తకపోవడమే కాదు. విననట్టే ఉండాలి. అడగకూడదు, ఓదార్చకూడదు కూడా.

నాలుగేళ్లలో నేను చాలా విన్నాను. ఒక్కటీ ఎవరికీ చెప్పలేదు. మా అక్కకు కూడా అక్క గురించి విన్నది చెప్పలేదు.

6. ఆ రోజు జరిగింది.

తొమ్మిదో నంబర్‌ది మా పక్క వీధి. నా వయసే. రోజూ పొద్దున మా కిటికీ కింద నిలబడి ఈల వేస్తుంది. అక్క బూట్లు చేత్తో పట్టుకుని పరుగెత్తుతుంది. తొమ్మిది నన్ను "స్కోరూ" అని పిలుస్తుంది. నాకు తెలిసిన మనుషుల్లో అంత గట్టిగా నవ్వేది ఇంకెవరూ లేరు.

ముప్పై ఒకటో నిమిషంలో ఆమె తలా, అవతలి జట్టు డిఫెండర్ తలా ఢీకొన్నాయి. లేచింది. నలభయ్యో నిమిషంలో గోల్ వేసింది. విరామానికి మేం 1–0తో ముందున్నాం. దుప్పటి లోపల వాళ్లు మాట్లాడుకున్నది ఇది. గుర్తున్నంత వరకు కాదు, అక్షరాలా రాస్తున్నాను. నాకు విన్నది పోదు.

"ఒక్క నిమిషం కూర్చుంటానే. తల గిర్రున తిరుగుతోంది." ఇది తొమ్మిది.

"ఇటు చూడు. కళ్లు చూపించు." ఇది మా అక్క.

"కళ్లు బానే ఉన్నాయి అక్కా. బంతులే రెండున్నాయి. ఇందాకట్నుంచి రెండు కనిపిస్తున్నాయి. ఏది తన్నాలో తెలీక మధ్యలో తన్నా."

ఎవరో నవ్వారు. "అందుకేనా గోలు పడింది! ఇక నుంచి రోజూ రెండు చూడవే."

"నవ్వకండే, వాంతి వచ్చేలా ఉంది."

"చెబుదాం. డాక్టర్‌ని పిలిపిద్దాం," అంది అక్క.

"ఎవరైనా నోరు విప్పారో, జన్మలో మాట్లాడను. పైన ముగ్గురు కూర్చున్నారు చూశావా, నోట్‌బుక్కులు పట్టుకుని? నీకు శిబిరం ఖాయమైపోయింది. నాకు ఇదొక్కటే ఉంది. ఈ నలభై అయిదు నిమిషాలు ఆడనీ. తర్వాత పడిపోయినా పర్లేదు."

"ఏం మాటలే అవి!"

"ఒట్టెయ్యి అక్కా."

నిద్రమొహం కూనిరాగం ఒక్కటే వినిపిస్తోంది. అప్పుడు మా అక్క "సరే. ఒట్టు. వేశా," అంది. మిగతావాళ్లూ వేశారు. తొమ్మిదో నంబర్ వాంతి చేసుకున్న చప్పుడు విన్నాను. ఎవరో నీళ్లిచ్చారు. కోచ్ గారు ఇవతల నుంచి కాళ్లతో ఆడటం గురించి అరిచారు. దుప్పటి మడిచాం.

రెండో సగం మొదలుపెట్టే ముందు రిఫరీ మార్పుల చీటీ కోసం స్కోరర్ బల్ల దగ్గరికి వస్తారు. ఆ రోజూ వచ్చారు. అదే సమయానికి మా అక్క కూడా బల్ల దగ్గరికి వచ్చి, వంగి, "వేలికి టేపు ముక్క ఇవ్వవే," అంది. నేను ఇచ్చాను. రిఫరీ బల్ల మీది కాగితాలు తీసుకున్నారు. ఒకటి మార్పుల చీటీ. ఇంకొకటి మడిచి ఉంది. విప్పి చదివారు. నేరుగా తొమ్మిదో నంబర్ దగ్గరికి వెళ్లి, జేబులోంచి పసుపు కార్డు తీసి ఎత్తి పట్టుకుని, "ఇవి ఎన్ని?" అని అడిగారు.

"ఏం తప్పు చేశాననండీ రెండు కార్డులు?" అంది ఆమె.

ఆయన చేతిలో ఉన్నది ఒక్కటే.

ఆమెను బయటికి పంపారు. పైన కూర్చున్న ముగ్గురు ఎంపికదారులు ఇంకో పావుగంట ఉండి వెళ్లిపోయారు. మేం 1–2తో ఓడాం. ఆసుపత్రిలో డాక్టరు తల లోపల వాపు ఉందన్నారు. రెండో దెబ్బ తగిలి ఉంటే తన దాకా తీసుకొచ్చే పని ఉండేది కాదన్నారు. మూడు నెలలు బంతి ముట్టుకోకూడదు. ఎంపికలు ఈ నెలాఖరుకే అయిపోతాయి.

అక్క బల్ల దగ్గర వంగి ఉండటం కోచ్ గారు చూశారు. మ్యాచ్ అయ్యాక వచ్చి, "నువ్వేనా చెప్పింది?" అన్నారు.

"చెప్పాల్సింది మీరు సార్," అంది అక్క.

ఇది ఒప్పుకోలు అని ఫిర్యాదులో రాశారు. ఇది ఒప్పుకోలు కాదు. కాదని కూడా అక్క అనలేదు. తను కాదంటే మిగతావాళ్లలో ఒకరి మీద పడుతుంది. తొమ్మిదో నంబర్‌ను ఆటోలో ఎక్కిస్తుంటే ఆమె అక్క వైపు చూసి, "ఒట్టేసి మరీ," అంది. అంతే. మరుసటి రోజు నుంచి కిటికీ కింద ఈల లేదు.

7. అది జరిగి పదకొండు రోజులైంది. అక్క ఒక్కతే గోడకు బంతి కొట్టి పట్టుకుంటోంది. నోటీసును మోకాలి పట్టీల కింద పెట్టుకుంది. మా అమ్మ, "ఏమైందే ఇద్దరికీ? ఒకత్తి మాట్లాడదు, ఒకత్తి తినదు. ఇల్లా, ఆసుపత్రా ఇది?" అంటోంది. నేను గ్రంథాలయంలో ఒకే పుస్తకానికి రెండుసార్లు అట్ట వేశాను. రోజూ సాయంత్రం పక్క వీధి మొదటి దాకా వెళ్లి తిరిగి వస్తున్నాను. కూర్చోలేకపోతున్నాను. నిలబడలేకపోతున్నాను.

మూడోసారి తమ కార్యాలయానికి వచ్చినప్పుడు గుమాస్తా గారు నన్ను చూసి, నేను అడగకముందే చేయి ఎత్తారు.

"ఆగమ్మా. మళ్లీ డ్రెస్సింగ్ రూమేనా?"

"అవునండీ."

"చూడు తల్లీ. నాకు ముగ్గురు ఆడపిల్లలు. అడగడానికి వచ్చిన మొహానికీ, చెప్పడానికి వచ్చిన మొహానికీ తేడా నాకు తెలుసు. నీకు మాటలు రాకపోతే రాసి ఇవ్వు. తప్పుల్లేకుండా రాయి, కొట్టివేతలుంటే తీసుకోం, అదిగో బోర్డు."

అందుకని రాస్తున్నాను.

8. ఇది మొదటి అంశంగా రాయవలసినది. రాద్దామనే ప్రతిసారీ మొదలుపెట్టాను. కాని మాటకు అర్థం వెతకడం సులువు.

చీటీ రాసినది నేను.

విరామం అయిపోయే ముందు, మార్పుల చీటీల కట్టలోంచి ఒక కాగితం చింపి, "9వ నంబర్‌కు బంతులు రెండు కనిపిస్తున్నాయి. దయచేసి ఆపండి" అని రాశాను. మడిచి మార్పుల చీటీ కింద పెట్టాను. రిఫరీ గారితో నోటితో చెప్పడానికి ధైర్యం చాలలేదు. సంతకం చేయడానికీ చాలలేదు. అక్క టేపు అడగడానికి రావడం కేవలం యాదృచ్ఛికం. ఆమెకు ఏమీ తెలియదు, ఈ క్షణం వరకు కూడా.

రుజువు అడగవచ్చు. చీటీ తమ దగ్గర ఉంది, సూచిక మూడు. నేను కాన్వెంటులో చదువుకున్నాను. మా సిస్టర్ గారు అక్షరం గీత మీద నిలబడాలి, గీతను తొక్కకూడదు అని స్కేలుతో వేళ్ల మీద కొట్టి నేర్పారు. అందువల్ల నా రాత మారదు, భయపడినా మారదు. చీటీలోని "దయచేసి"ని, ఈ అర్జీలోని "దయచేసి"ని పక్కపక్కన పెట్టి చూడగలరు. "య" చూస్తే చాలు.

9. పై 1 నుండి 4 వరకు గల అంశాలను ఉపసంహరించుకుంటున్నాను. కొట్టివేయలేదు. కారణం, ఆ బోర్డు.

మెట్ల కింద ఉన్నది డ్రెస్సింగ్ రూమే. నాలుగు గోడలు లేకపోయినా, కుళాయి లేకపోయినా, నక్షాలో మా పేరున్న గదిలో కుర్చీలు కూర్చుని ఉన్నా. తొమ్మిదో నంబర్ ఇంట్లో చెప్పుకోలేనిది, కోచ్ గారికి చెప్పలేనిది అక్కడ చెప్పింది. ఇంకెక్కడా చెప్పి ఉండేది కాదు. చెప్పకుండా ఆడి ఉండేది. ఆమె చెప్పగలిగింది ఆ చోటు అలాంటిది కనుక. ఆ చోటును నమ్మదగినదిగా ఉంచే బాధ్యత దుప్పటి రెండు చివరలది. అందులో ఒక చివర నాది. నేను విన్నాను, బయటపెట్టాను.

కాబట్టి ఉల్లంఘన జరిగింది. జరగలేదని నేను వాదించను. మళ్లీ అదే జరిగితే మళ్లీ చీటీ రాస్తాను. ఈసారి సంతకం కూడా చేస్తాను. ఈ రెండు వాక్యాలు ఒకదానికొకటి పొసగవని తెలుసు. పదకొండు రోజులుగా పొసగించడానికి చూస్తున్నాను. నాకు చేతకాలేదు. పరిశీలించవలసిన పెద్దలు తమరు.

అందువల్ల తమను వేడుకొనునది:

(అ) గోల్‌కీపర్‌పై అభియోగం రద్దు చేసి, సోమవారం ఆమెను శిబిరానికి వెళ్లనివ్వాలి. ఆమె ఒట్టు వేసింది, నిలబెట్టుకుంది. అది సరైనదా కాదా అని నన్ను అడిగితే కాదంటాను. కాని నోటీసు ఆమెకు ఇచ్చింది ఒట్టు వేసినందుకు కాదు.

(ఆ) అభియోగం నా పేరు మీదకు మార్చాలి. స్కోరర్లు నియమావళి కిందికి రారని గుమాస్తా గారు అనవచ్చు. వస్తారని రాయించండి, అభ్యంతరం లేదు.

(ఇ) తొమ్మిదో నంబర్‌కు, ఆమె కోలుకున్నాక, ఇంకొక్కసారి ఎంపిక పోటీలో ఆడే వీలు ఉంటుందా అని ఆ ముగ్గురిని అడిగి చూడాలి. నలభయ్యో నిమిషంలో గోల్ వేసినట్టు స్కోరు పుస్తకంలో నా చేత్తో రాసి ఉంది. రెండు బంతులు కనిపిస్తుండగా వేసింది.

గది గురించి ఏమీ అడగడం లేదు. ఇందులో అడిగితే బేరంలా ఉంటుంది. దానికి వేరే అర్జీ పెడతాను.

ఇదంతా ఓపికతో చదివి చిత్తగించవలెనని, శుక్రవారం పదకొండు గంటలకు ముందే చిత్తగించవలెనని కోరుతూ,

తమ విధేయురాలు,
స్కోరర్, మహిళల ఫుట్‌బాల్ జట్టు
(దుప్పటి ఎడమ చివర)

తా.క.: పైన "ఈ క్షణం వరకు కూడా" అని రాశాను. అది ఇప్పుడు నిజం కాదు. సంతకం చేసి సిరా ఆరబెడుతుంటే అక్క గదిలోకి వచ్చింది. దాచడానికి వీలు కాలేదు. నిలబడే మొత్తం చదివింది.

"నువ్వా?"

తల ఊపాను.

"చీటీ రాశావు, సరే. మంచి పని. నేను చేయాల్సింది నువ్వు చేశావు. మరి ఈ పదకొండు రోజులు? నా పక్కన కూర్చుని అన్నం కెలుకుతూ కూర్చున్నావే, అప్పుడు నోట్లో ఏం పెట్టుకున్నావే?"

అర్జీ వైపు చూపించాను.

"ఆఫీసరుకి తర్వాత. ఆయనకి తల తిరగలేదు కదా. ముందు దానికి చెప్పాలి. కాగితం కాదు, నోటితో. లే."

నా చేయి పట్టుకుని పక్క వీధికి తీసుకెళ్లింది. తను వీధిలోనే ఆగిపోయింది. నేను తలుపు కొట్టాను. తొమ్మిదో నంబర్ వచ్చింది. కళ్ల కింద నల్లగా ఉంది. గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను చెప్పాను. ఎంతసేపు పట్టిందో తెలియదు. ఆమె మధ్యలో ఒక్కసారి కూడా నవ్వలేదు, తిట్టలేదు.

అంతా విని, "నువ్వక్కడ ఉన్నావన్న సంగతే నాకు తట్టలేదు స్కోరూ," అంది. "పిచ్చిదానిలా అందరి చేతా ఒట్లు వేయించుకున్నా. నీ చేత వేయించుకోవాలని తట్టనే లేదు."

నా చేతిలో అర్జీ, కలం అలాగే ఉన్నాయి; అర్జీని ఇంకో మడత మడిచాను.

తర్వాత ఆమె నా భుజం మీదుగా వీధిలోకి చూసింది. "అయితే అక్క చెప్పలేదా?"

"లేదు."

"పదకొండు రోజులు నేను తిట్టుకుంటుంటే నోరెత్తలేదే! ఎంత పొగరు!" అని, గట్టిగా, వీధంతా వినపడేలా, "ఏయ్, అక్కడే నిలబడిపోయావేం, లోపలికి రా!" అని అరిచింది. అక్క వెళ్లింది. నన్ను రమ్మని ఎవరూ అనలేదు, వద్దనీ అనలేదు. తలుపు దగ్గరగా వేశారు. లోపల ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు, ఎవరో ఏడుస్తున్నారు. మాటలు స్పష్టంగానే వినిపించాయి. నేను అరుగు మీద నుంచి లేచి, వినపడనంత దూరం నడిచి, వీధి చివర పంపు గట్టు మీద కూర్చుని ఇది రాస్తున్నాను. కాగితం కొంచెం తడిసింది. మన్నించగలరు.

అక్క ఈ అర్జీ పంపవద్దంది, విచారణకు నేనే వచ్చి చెప్పాలంది. పంపుతున్నాను, వస్తాను కూడా. శుక్రవారం నన్ను పిలిచాక నేను వెంటనే మాట్లాడకపోతే దయచేసి తర్వాతి వారిని పిలవకండి. మొదటి మాట రావడానికి నాకు కొంచెం సమయం పడుతుంది. వస్తుంది. ఈ రోజు వచ్చింది.